కుక్క అదే పనిగా నేల నాకుతూ, లేని ఈగల్ని పడుతుంటే కారణం ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవ్వాలి కదా. మగ కుక్క, ఆరేళ్లు. రెండు నెలల నుంచి రాత్రి తిండి తిన్నాక నేల నాకడం మొదలుపెడుతున్నాడు, అరగంటైనా ఆపడం లేదు. మధ్యమధ్యలో తల పైకెత్తి, లేని ఈగను పట్టుకుంటున్నట్టు గాల్లో నోరు కొడుతున్నాడు. ఒక్కోసారి గోడకేసి చూస్తూ ఉండిపోతున్నాడు. వీటితో పాటు గడ్డి తినడం, పడుకునే ముందు గుండ్రంగా తిరగడం, స్నానం అవ్వగానే ఇల్లంతా పరుగులు పెట్టడం కూడా రాశారు. ఇంట్లో ఒకరు బోర్ కొట్టి చేస్తున్నాడంటున్నారు, ఇంకొకరు వాడికేదో కనిపిస్తోందంటున్నారు. మీకేమో పిచ్చి పడుతోందేమోనని టెన్షన్. గసిరితే మానేస్తాడా అన్నది మీ చివరి ప్రశ్న.

ఇవన్నీ మీరు ఒకే వరుసలో రాశారు గానీ, వీటిలో మూడు మామూలువి, రెండు డాక్టరు చూడాల్సినవి, ఒకటి ఇంకాస్త గమనిస్తే గానీ తేలదు. చాలా ఏళ్లుగా కుక్కల ప్రవర్తన సమస్యలు చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుక్క చేసే పని పేరు చెప్పి, కారణం చెప్పమంటారు. నేల నాకితే ఏమిటి, తోక కొరుక్కుంటే ఏమిటి అని. అలా చెప్పడం కుదరదు. ఒకే పని వెనక కడుపులో బాధ ఉండొచ్చు, మూర్ఛ ఉండొచ్చు, భయం ఉండొచ్చు, మనం తెలియకుండా నేర్పిన అలవాటూ ఉండొచ్చు. కారణం పట్టుకోవాలంటే ఆ పని చుట్టూ ఉన్న వివరాలు కావాలి. ఎప్పుడు మొదలైంది, దేని తర్వాత వస్తుంది, మధ్యలో ఆపగలుగుతున్నామా, ఈ మూడూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మామూలువి ముందు తేల్చేద్దాం. పడుకునే ముందు రెండు మూడు చుట్లు తిరగడం అడవి పూర్వీకుల నుంచి వచ్చిన అలవాటని చాలామంది నిపుణుల అభిప్రాయం. గడ్డీ ఆకులూ తొక్కి చదును చేసుకోవడానికి, పురుగూ పుట్రా ఉంటే తొలగిపోవడానికి పనికొచ్చి ఉంటుంది. దీనికి కంగారు పడక్కర్లేదు. కానీ చుట్లు పెరిగిపోయి, సగం కూర్చుని మళ్లీ లేచి, ఎలా పడుకోవాలో తెలియనట్టు అవస్థపడుతుంటే కీళ్ల నొప్పి ఉందేమో చూడాలి. ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతూ, తల ఒక పక్కకు వాల్చి, తూలుతుంటే లోపలి చెవిలో గానీ మెదడులో గానీ సమస్య ఉండొచ్చు. అది వేరే విషయం, వెంటనే చూపించాలి.

స్నానం తర్వాత పరుగులు కూడా అంతే. ఒళ్లంతా తడిసి, కాసేపు కదలకుండా నిలబడాల్సి వచ్చి, ఒక్కసారి వదలగానే ఆ ఉద్రేకమంతా కాళ్లలోకి వస్తుంది. నాలుగైదు నిమిషాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. జారే నేల మీద కాళ్లు విరగ్గొట్టుకోకుండా చూసుకుంటే చాలు.

గడ్డి సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని మీద ఉన్న నమ్మకం చాలా బలమైనది. కడుపు బాగోలేకపోతే వాంతి చేసుకోవడానికి కుక్క గడ్డి తింటుందని అందరం వింటూ పెరిగాం. అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పశువైద్యులు ఇంటర్నెట్ ద్వారా 1,500 మందికి పైగా కుక్కల యజమానుల్ని అడిగి 2008లో ఫలితాలు ప్రచురించారు. గడ్డి తినే ముందు తమ కుక్క తరచూ నలతగా కనిపిస్తుందన్నవాళ్లు 8 శాతమే. తిన్నాక తరచూ వాంతి చేసుకుంటుందన్నవాళ్లు 22 శాతం. అంటే ఎక్కువ కుక్కలు ఏ బాధా లేకుండానే తింటాయి, తిన్నాక కూడా బాగానే ఉంటాయి. కాబట్టి నడకలో నాలుగు పోచలు కొరికితే వదిలేయండి. పురుగుమందు కొట్టిన చోట మాత్రం అసలు తిననివ్వొద్దు. మీ వాడి విషయంలో ఒక్కటి చెప్పండి. ఈ రెండు నెలల్లోనే గడ్డి తినడం ఎక్కువైందా? అయితే అది మామూలు గడ్డి తినడం కాకపోవచ్చు, కింద చెప్పబోయే దానితో కలిపి చూడాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు రాసిన వాటిలో నాకు బాగా ముఖ్యంగా అనిపించిన మాట "తిండి తిన్నాక". నేల, గోడ, సోఫా లాంటివి అదే పనిగా నాకడాన్ని చాలాకాలం బోర్ వల్లనో, మానసిక ఒత్తిడి వల్లనో వచ్చే అలవాటనే అనుకునేవారు. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం పశువైద్యులు ఇలా నాకే 19 కుక్కల్ని తీసుకుని, కడుపూ పేగులూ క్షుణ్ణంగా పరీక్షించారు. 14 కుక్కల్లో జీర్ణవ్యవస్థకు సంబంధించిన సమస్య బయటపడింది. కొన్నింటికి పేగు గోడల్లో వాపు, కొన్నింటికి కడుపు ఖాళీ అవ్వడం ఆలస్యం కావడం, క్లోమం వాపు, జియార్డియా అనే పరాన్నజీవి, ఒకదానికైతే కడుపులో ఇరుక్కుపోయిన వస్తువు. వైద్యం చేశాక చాలా కుక్కల్లో నాకడం బాగా తగ్గింది.

ఎందుకు నాకుతాయంటే, కుక్కకి వికారం వచ్చినప్పుడు నోట్లో లాలాజలం ఊరుతుంది. పెదాలు నాక్కుంటుంది, గుటకలు మింగుతుంది, ఎదురుగా ఉన్నదాన్ని నాకుతుంది. కడుపులో మంట అని మనకు చెప్పలేదు కదా. బయటికి కనిపించేది ఆ నాలుకే. ఈసారి నాకుతున్నప్పుడు దగ్గరగా కూర్చుని చూడండి. ఖాళీగా గుటకలు వేస్తున్నాడా, చొంగ కారుతోందా, పొట్టలో గుడగుడ వినిపిస్తోందా, ముందుకాళ్లు నేలకానించి వెనక భాగం పైకెత్తి ఒళ్లు సాగదీస్తున్నాడా. ఆ చివరిది ఆటకి పిలిచే భంగిమలాగే ఉంటుంది. ఆటకైతే తోక ఊపుతూ ఎగిరి గంతేస్తాడు, కడుపు నొప్పైతే అదే భంగిమలో ఉండిపోతాడు.

లేని ఈగల్ని పట్టడం కూడా అదే బృందం చూసింది. 2012లో వాళ్లు ప్రచురించిన పరిశీలనలో ఉన్నవి 7 కుక్కలే, చిన్న సంఖ్యే. కానీ ఏడింటికీ జీర్ణవ్యవస్థలో ఏదో ఒక తేడా కనిపించింది. వీడియోలు నెమ్మదిగా వేసి చూస్తే, నోరు కొట్టే ముందు ఆ కుక్కలు తల పైకెత్తి మెడ చాస్తున్నాయి. అన్నవాహికలోకి పుల్లటి నీళ్లు ఎగదన్నినప్పుడు కుక్క మెడ చాచి మింగడం మామూలే కాబట్టి, వైద్యులకు ఆ సంబంధం తోచింది. కొన్నింటిలో ఈ పని తిండి తర్వాతే ఎక్కువగా కనిపించింది. కేవలం వైద్యంతోనే 4 కుక్కల్లో పూర్తిగా ఆగిపోయింది. మీరు రాసినదాంట్లో కూడా "తల పైకెత్తి" అని ఉంది, గమనించారా?

అయితే ఆ ఏడింటిలో ఒకదానికి మూర్ఛ కూడా ఉంది, ఇంకొకదానికి పుర్రెలో వెనక భాగం ఇరుకై మెదడు నొక్కుకుపోయే లోపం ఉంది. అందుకే కడుపే అని ఇక్కడి నుంచి తేల్చేయను. మూర్ఛ అంటే కింద పడి కొట్టుకోవడమే అనుకుంటాం గానీ, మెదడులో ఒక చిన్న భాగానికే పరిమితమైన మూర్ఛ కూడా ఉంటుంది. అది వచ్చినప్పుడు ముఖంలో ఒక పక్క అదరడం, గాల్లో కొరకడం, ఉన్నట్టుండి భయపడటం లాంటివి మాత్రమే కనిపించొచ్చు. తేడా పట్టుకోవడానికి, మధ్యలో ఆపగలుగుతున్నామా అన్న మూడో ప్రశ్న పనికొస్తుంది. వాడు ఆ పనిలో ఉన్నప్పుడు బయటికి వెళ్లే గొలుసు చప్పుడు చేయండి, లేదా ఇష్టమైన బొమ్మ కదిలించండి. వెంటనే తల తిప్పి వచ్చేసి ఆ పని మర్చిపోతే ఒక దారి, అది అలవాటు కావొచ్చు. వచ్చి, రెండు నిమిషాలాగి మళ్లీ అదే చోటికి వెళ్లి నాకితే ఇంకో దారి, ఒంట్లో బాధ తరిమేది ఎక్కువగా ఇలా ఉంటుంది. అసలు వినపడనట్టు, ఈ లోకంలోనే లేనట్టు ఉండి, అయిపోయాక కాసేపు తికమకగా తిరిగితే మూర్ఛ కోసం చూడాలి. ఇది ఇంట్లో చేసే వడపోత మాత్రమే, నిర్ధారణ డాక్టరుదే.

గోడకేసి చూడటం గురించి నేనైతే తొందరపడను. కుక్క చెవికి దాదాపు 45,000 హెర్ట్జ్ దాకా శబ్దాలు అందుతాయి, మన చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది. ఎలుకలు మనకు వినపడనంత సన్నటి శబ్దాలతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. గోడలోనో పైకప్పులోనో ఎలుక తిరుగుతుంటే మీకు ఖాళీ గోడ, వాడికి కాదు. అలాంటప్పుడు చెవులు నిక్కబొడుచుకుంటాయి, తల అటూ ఇటూ వంచుతాడు, ముక్కు ఆడుతుంటుంది, ఒళ్లు బిగుసుకుని ఉంటుంది. ఇవేవీ లేకుండా చూపు ఆనని కళ్లతో నిలబడిపోతే అది వేరు. ఇంట్లో ఏదో కనిపిస్తోందన్నవాళ్లకి ఇది చూపించండి, పాపం వాళ్లు గమనించింది నిజమే, ఎటు చూడాలో తెలిస్తే వాళ్లే మీకు బాగా సాయం చేస్తారు.

గోడకేసి చూడటం ఒకటి, గోడకి నుదురు ఆనించి నొక్కుతూ నిలబడటం ఇంకొకటి. ఈ రెండోది కనిపిస్తే మాత్రం మర్నాటిదాకా ఆగొద్దు. కాలేయం పాడై విషపదార్థాలు మెదడుకి చేరినప్పుడు, మెదడులో గడ్డ గానీ వాపు గానీ ఉన్నప్పుడు, ఏదైనా విషం తిన్నప్పుడు ఇలా చేస్తాయి. ముసలి కుక్కలు మూలల్లో ఇరుక్కుని ఎలా బయటికి రావాలో మర్చిపోవడం కూడా ఉంది, అది వయసుతో వచ్చే మతిమరుపు జబ్బు. కాలిఫోర్నియాలోనే జరిగిన ఒక అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల వాటిలో 68 శాతానికి ఆ లక్షణాల్లో కనీసం ఒకటి కనిపించింది. మీ వాడికి ఆరేళ్లే కాబట్టి దాని జోలికి ఇప్పుడే వెళ్లక్కర్లేదు.

వయసు మాట వచ్చింది కాబట్టి ఎప్పుడు మొదలైందన్న ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చెప్తాను. పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఉన్న వింత అలవాటు, ఇంట్లో అందరికీ తెలిసినది, పెరగనిది, సాధారణంగా ఆ కుక్క స్వభావం. ఆరేళ్లు మామూలుగా ఉండి, ఇంట్లో ఏ మార్పూ లేకుండా కొత్తగా ఒకటి మొదలైతే నేను ముందు ఒళ్లే చూస్తాను. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్, ఆయన సహచరులు 2020లో రాసిన ఒక వ్యాసంలో, ప్రవర్తన సమస్య అని తమ దగ్గరికి పంపిన కుక్కల్లో తక్కువలో తక్కువ మూడో వంతుకి ఏదో ఒక నొప్పి ఉందని, కొన్ని చోట్ల అది 80 శాతం దాకా ఉండొచ్చని చెప్పారు. అదే విశ్వవిద్యాలయం 2018లో శబ్దాలకు భయపడే 20 కుక్కల్ని పోల్చి చూసింది. ఒంటి నొప్పులున్న కుక్కల్లో ఆ భయం, నొప్పుల్లేని వాటికంటే సగటున నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైంది. చప్పుడుకి ఉలిక్కిపడ్డప్పుడు ఒళ్లు బిగుసుకుని నొప్పి పెరుగుతుంది, ఆ నొప్పి ఆ చప్పుడుతో ముడిపడిపోతుంది. పెద్దయ్యాక కొత్తగా వచ్చిన భయాన్ని చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

కాళ్లు అదే పనిగా నాక్కోవడం, పిర్రలు నేలకి రాసుకుంటూ ఈడ్చుకోవడం లాంటివి మీరు అడగలేదు గానీ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మొదటిదానికి ఎక్కువగా అలర్జీ, దురద కారణం. రెండోదానికి మలద్వారం పక్కన ఉండే గ్రంథులు నిండిపోవడమో, నులిపురుగులో, చర్మం అలర్జీయో. రెండూ డాక్టరు దగ్గర తేలిగ్గా తేలేవే.

బోర్ కొట్టి చేస్తున్నాడన్న మాటని కూడా తీసిపారేయను. అలాంటివి నిజంగా ఉన్నాయి. లేజర్ చుక్కతో ఆడించిన కుక్క ఎప్పటికీ దాన్ని పట్టుకోలేదు, దాంతో ఆట ముగిశాక కూడా నేల మీద వెలుగూ నీడా వెతుక్కుంటూ తిరిగే స్థితికి వచ్చేస్తుంది. ఆ బొమ్మని నేను ఏ ఇంట్లోనూ ఉండనివ్వను. తోక వెంట గంటల తరబడి తిరిగే కుక్కల మీద ఫిన్లాండ్‌లో జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, తల్లి నుంచి మరీ తొందరగా విడదీసిన వాటిలో ఆ అలవాటు ఎక్కువని తేలింది. ఇంకో రకం, మనం నేర్పేది. కుక్క ఏదో వింత పని చేసింది, ఇంట్లో అందరూ నవ్వారు, ఫోన్లు తీశారు, లేదా "వద్దురా" అంటూ దగ్గరికి పరుగెత్తారు. రోజంతా ఎవరూ పట్టించుకోని కుక్కకి అది పండగే, మర్నాడు మళ్లీ చేస్తుంది. ఇది తెలుసుకోవడం సులువు. ఒక ఫోన్ కెమెరా ఆన్ చేసి గదిలో పెట్టి, అందరూ బయటికి వెళ్లిపోండి. చూసేవాళ్లు లేనప్పుడు కూడా అంతే సేపు నాకితే అది మన కోసం చేసేది కాదు.

గసరడం గురించి నా సమాధానం, వద్దు. గసిరితే ఒక్కోసారి ఆగుతుంది, అదే ప్రమాదం. వాడు మీ ముందు మాని, మంచం కింద నాకుతాడు. లోపల వికారం అలాగే ఉంటుంది, మీకు కనిపించే ఒక్క గుర్తూ పోతుంది. పైగా తిండి తర్వాత ఒంట్లో బాధ, ఆపైన మీ కోపం, రెండూ కలిసి సాయంత్రమంటేనే భయం పట్టుకుంటుంది. "గసరగానే తప్పు చేసినట్టు మొహం పెడతాడు, వాడికి తెలుసు" అని రాశారు. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించారు. 14 కుక్కలు, తినొద్దని చెప్పిన ఒక తినుబండారం. యజమాని బయటికి వెళ్లొచ్చాక కొన్నిసార్లు కుక్క తినకపోయినా తిన్నదని అబద్ధం చెప్పారు, కొన్నిసార్లు తిన్నా తినలేదని చెప్పారు. ఆ దీనమైన చూపు కుక్క తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని గసిరాడా లేదా అన్నదాన్ని బట్టే వచ్చింది. చెవులు వెనక్కి వాల్చి చూపు తిప్పుకుంటున్నాడంటే, మీ కోపం తగ్గాలని అడుగుతున్నాడన్నమాట.

పిచ్చి, అంటే రేబిస్ భయం గురించి సూటిగా చెప్తాను. రేబిస్ లక్షణాలు మొదలైన కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. రెండు నెలలుగా తింటూ, తిరుగుతూ, మిమ్మల్ని గుర్తుపడుతూ ఉన్నవాడికి అది కాదు. టీకా తేదీ దాటిపోయి ఉంటే మాత్రం ఈ వంకతో వేయించేయండి. ఎప్పుడైనా ఏ కుక్కలోనైనా ఉన్నట్టుండి గొంతు మారి, దవడ వేలాడి, మింగలేక చొంగ కారుతూ, ఎదురొచ్చిందల్లా కరుస్తుంటే దాని నోట్లో చెయ్యి పెట్టి చూడకండి, దూరంగా ఉండి పశువైద్యుణ్ణి పిలవండి. కరిస్తే గాయాన్ని సబ్బూ ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఒక వారం రోజులు రాసి పెట్టండి. ఏం తిన్నాడు, ఎన్నింటికి, నాకడం ఎన్నింటికి మొదలై ఎంతసేపు ఉంది, గడ్డి తిన్నాడా, వాంతి, మలం ఎలా ఉన్నాయి. వీడియోలు తీయండి, ముఖ్యంగా నోరు కొట్టే ముందు పది సెకన్లు పడేలా, పక్క నుంచి, మెడ కనిపించేలా. డాక్టరు గదిలో అడుగు పెట్టగానే ఏ కుక్కా ఈ పనులు చేయదు, మీ ఫోనే అక్కడ సాక్ష్యం. నోరు, పళ్లు, చెవులు చూడమనండి. మలపరీక్ష, రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ అడగండి. అవి మామూలుగా వస్తే అక్కడితో ఆగకుండా, తిండి మార్చి కొన్ని వారాలు చూడటం గానీ ఎండోస్కోపీ గానీ అవసరమా అని మాట్లాడండి. పేగుల్లో వాపు చాలాసార్లు మామూలు రక్తపరీక్షలో పడదు.

ఈలోగా మీ అంతట మీరు ఎసిడిటీ మందులు మొదలుపెట్టకండి, డాక్టరు చూసే సమయానికి లక్షణాలు సగం మరుగున పడతాయి. మన నొప్పి మాత్రలు అస్సలు వద్దు, ఇబుప్రొఫెన్, పారాసెటమాల్ కుక్కల్ని చంపగలవు. రోజు తిండి అదే పరిమాణంలో చిన్న చిన్న భాగాలుగా పెట్టి చూడొచ్చు, దాంతో నాకడం తగ్గితే ఆ సంగతి కూడా రాసుకోండి. వారం ఆగకుండా ఆ క్షణమే పరుగెత్తాల్సిన పరిస్థితి ఒకటుంది. పొట్ట ఉబ్బి గట్టిపడి, వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ రాకుండా, కుదురుగా నిలవలేక అటూ ఇటూ తిరుగుతుంటే కడుపు మెలిపడిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు అర్ధరాత్రైనా సరే దగ్గరలో ఏ ఆసుపత్రి తెరిచి ఉంటే అక్కడికి తీసుకెళ్లండి, దారిలోనే ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి.